కొట్టినవాడూ, దెబ్బ తినేదీ మా ఇంట్లోనే

ఈ వారం ఉత్తరం కృష్ణా జిల్లా నుంచి వచ్చింది. నాలుగు పేజీలు చేత్తో రాసి, ఫొటోలు తీసి పంపారు. ఊరు, పేరు వద్దన్నారు. మొత్తం వేసే చోటు లేదు కాబట్టి నా మాటల్లో కుదించి చెప్తాను.

రాసినావిడ హైస్కూల్లో సోషల్ టీచరు. ఇంకో మూడేళ్ల సర్వీసు ఉంది. భర్త బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఒక్కతే కూతురు. ఇక్కడ ఎంబీబీఎస్ చదివి, అమెరికా పరీక్షలు రాసి, ఇప్పుడు ఒహాయోలో ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ (మన పీజీ లాంటిది) రెండో ఏడు చేస్తోంది. ఎమర్జెన్సీలో కూడా డ్యూటీలు పడుతుంటాయి. ఒకరోజు వీడియో కాల్‌లో ఆ అమ్మాయి, "అమ్మా, నా పని ఎలా ఉంటుందో చెప్తే నీకు అర్థం కాదు. ఈ సీరియల్ చూడు" అని 'ద పిట్' పేరు చెప్పింది. పిట్స్‌బర్గ్‌లో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీలో ఒకే ఒక్క రోజు డ్యూటీ కథ అది. పదిహేను భాగాలు, ఒక్కో భాగం ఒక్కో గంట. ఈవిడ రాత్రి భోజనాలయ్యాక రోజుకొకటి చొప్పున, కింద వచ్చే ఇంగ్లీషు చదువుకుంటూ చూశారు.

తొమ్మిదో భాగం చివర ఒక సన్నివేశం ఉంది. ఛాతీ నొప్పితో వచ్చి, గంటల తరబడి వెయిటింగ్ హాల్లో కూర్చుని విసిగిపోయిన ఒక మనిషి, బయట సిగరెట్ తాగుతూ నిలబడ్డ చార్జ్ నర్సు (ఆ షిఫ్టులో నర్సులకి పెద్ద) డేనా దగ్గరికొచ్చి ముఖం మీద గుద్దుతాడు. ఆవిడ నేల మీద పడిపోతుంది. "ఆ రాత్రంతా నాకు కన్ను మూతపడలేదు. అక్కడ పడింది నా కూతురే అనిపించింది" అని రాశారు. మర్నాడు ఫోన్‌లో అడిగారు, "నిన్నెవరైనా కొట్టారా తల్లీ?" అని. అమ్మాయి నవ్వింది. "ఇక్కడ సెక్యూరిటీ ఉంటారమ్మా" అని, వెంటనే "నాన్న షుగర్ ఎంతుంది?" అంది. "ఎవరూ కొట్టలేదు అని మాత్రం అనలేదు. ముప్పై ఏళ్లుగా పిల్లలకి పాఠాలు చెప్తున్నాను, తప్పించుకునే జవాబు నాకు తెలీదా?" అంటున్నారు ఈవిడ.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. ఆ భాగం చూస్తూ భర్త, "అంతసేపు కూర్చోబెడితే ఎవడికైనా మండదా మరి?" అన్నారట. ఆ మాటతో ఈవిడకి నాలుగేళ్ల కిందటి రాత్రి గుర్తొచ్చింది. ఎనభై దాటిన మామగారికి ఆయాసం వస్తే పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లారు. కౌంటర్లో ముందు అడ్వాన్సు కట్టమన్నారు. లోపలికి తీసుకెళ్లాక రెండు గంటలపాటు ఎవరూ బయటికొచ్చి ఒక్క మాట చెప్పలేదు. తెల్లవారుజామున మూడింటికి ఒక డ్యూటీ డాక్టరమ్మాయి వచ్చి, పెద్దాయన పోయారని చెప్పింది. ఈవిడ భర్త ఆ అమ్మాయి ఏప్రన్ పట్టుకుని తోశారు. తల గోడకి తగిలింది. మరిది రిసెప్షన్ అద్దం పగలగొట్టాడు. పోలీసులొచ్చారు, పెద్దమనుషులొచ్చారు, అద్దం డబ్బు కట్టించుకుని కేసు లేకుండా వదిలేశారు. అప్పుడు వేరే జిల్లాలో హౌస్ సర్జన్‌గా ఉన్న కూతురు మర్నాడు వచ్చింది. ఆమెకి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఇన్నేళ్లలో భర్త ఆ రాత్రి గురించి ఎప్పుడూ నోరెత్తలేదు. మరిది మాత్రం పెళ్లిళ్లలో కూర్చుని, "మా అన్న ఆ రోజు డాక్టర్ని ఎత్తి అవతల పడేశాడు" అని ఇప్పటికీ గొప్పగా చెప్తుంటాడట.

ఆవిడ అడిగినవి ఇవి. ఇలాంటివి టీవీలో చూపిస్తే జనం ఇంకా రెచ్చిపోరా? కూతురి నోటి నుంచి నిజం రప్పించడం ఎలా? భర్త చేసిన పని కూతురికి చెప్పాలా, వద్దా? మిగిలిన భాగాలు చూడనా, మాననా? పదకొండు దాకా చూసి ఆపేశారట.

నా సమాధానం:

మీ నాలుగో పేజీ అడుగున, చోటు చాలక అక్షరాలు చిన్నవి చేసి రాసిన వాక్యంతో మొదలుపెడతాను. "నేనూ ఆపలేదండీ. ఏం చేశారు మా మావయ్యని అని నేనూ ఆ పిల్ల మీద అరిచాను." మీరు అడిగిన ప్రశ్నల్లో ఇది లేదు. కానీ నిద్ర పట్టకపోవడానికి కారణం అక్కడే ఉందని నాకనిపించింది. ఆ గుద్దు పడ్డప్పుడు మీకు ఇద్దరు ఆడపిల్లలు కనిపించారు. ఒకరు ఒహాయోలో ఉన్నారు. ఇంకొకరి పేరు కూడా మీకు తెలియదు.

ముందు సీరియల్ సంగతి చూద్దాం, ఎందుకంటే మీ కలవరానికి అది సగం కారణం. అది బాగా తీసిన సీరియల్ కావడం కూడా ఆ కలవరానికి ఒక కారణమే.

ఇందులో పెద్ద డాక్టర్ రాబీగా వేసిన నోవా వైలీ, పాతికేళ్ల కిందట 'ఈఆర్' అనే ఇంకో ఆసుపత్రి సీరియల్లో కుర్ర డాక్టరుగా వేశాడు. 2000 ఫిబ్రవరిలో వచ్చిన ఒక భాగంలో ఆ కుర్ర డాక్టర్నీ, ఒక మెడికల్ స్టూడెంట్‌నీ ఒక పేషెంటు కత్తితో పొడుస్తాడు. ఆ పేషెంటుకి తీవ్రమైన మానసిక జబ్బు. అది చూసినవాళ్లు భయపడ్డారు, ఏడ్చారు, చివరికి "పాపం, వాడికి మతి స్థిమితం లేదు" అనుకుని టీవీ కట్టేసి పడుకోగలిగారు. మానసిక జబ్బున్న వాళ్లందరి మీదా అనవసరమైన భయం మిగలడం దాని చెడు ఫలితం, అది వేరే కథ. 'ద పిట్'లో గుద్దినవాడికి అలాంటి జబ్బేమీ లేదు. ఒక మామూలు మనిషి. తన వంతు రాలేదని, తనని ఎవరూ పట్టించుకోవడం లేదని కడుపు మండినవాడు. అలాంటి మనిషిని మనం బస్టాండులో చూస్తాం, బ్యాంకులో చూస్తాం. మీరు ఇంట్లోనే చూశారు. అందుకే "వాడెవడో" అని పక్కకి తోసేయడం మీ వల్ల కాలేదు.

మీవారన్న "ఎవడికైనా మండదా" అనే మాటలో సగం నిజముంది, ఆ సగాన్ని సీరియల్ కూడా దాచలేదు. అమెరికాలో 1986 నుంచి ఒక చట్టం ఉంది. ఎమర్జెన్సీకి వచ్చిన ఎవర్నైనా, డబ్బున్నా లేకపోయినా, పరీక్ష చేయకుండా పంపకూడదు. దాంతో ఎక్కడా దిక్కులేని ప్రతి మనిషీ అక్కడికే వస్తాడు. పైన వార్డుల్లో మంచాలు ఖాళీ లేకపోతే, అడ్మిట్ చేయాల్సినవాళ్లు కూడా కిందే ఎమర్జెన్సీలో పడి ఉంటారు. వాళ్లు కదిలితే గానీ హాల్లో ఉన్నవాళ్లకి చోటు దొరకదు. మొదటి భాగంలోనే ఆసుపత్రి పెద్దావిడ కిందికొచ్చి, పేషెంట్లు తృప్తిగా లేరంటూ రాబీని నిలదీస్తుంది. నర్సుల్ని వేయండి అని అతను మొత్తుకుంటాడు. ఆ మాట మీకు గుర్తుండే ఉంటుంది.

ఛాతీ నొప్పి వాళ్ల విషయంలో ఇంకో సంగతి ఉంది. అక్కడైనా ఇక్కడైనా, ముందు ఈసీజీ తీస్తారు. గుండెపోటని అందులో స్పష్టంగా కనిపిస్తే పరిగెత్తిస్తారు. కనిపించకపోతే రక్తంలో ట్రోపోనిన్ అనే ప్రోటీన్ ఎంతుందో చూస్తారు, కొన్ని గంటలు ఆగి మళ్లీ చూస్తారు, ఎందుకంటే గుండె కండరం దెబ్బతిన్న సంగతి రక్తంలో తేలడానికి టైం పడుతుంది. అంటే ఆ కూర్చోబెట్టడంలో కొంత భాగం వైద్యమే. కూర్చున్నవాడికి ఆ సంగతి తెలీదు. ఎవరైనా వచ్చి రెండు నిమిషాలు చెప్తే తెలుస్తుంది. మీ మామగారి రాత్రి కూడా లోపల రెండు గంటలపాటు ఏదో ఒకటి చేస్తూనే ఉండి ఉంటారు. బయట మీకు మాత్రం మూసిన తలుపు తప్ప ఏమీ లేదు.

సీరియల్లో నాకు నచ్చని విషయం మీ ఉత్తరంలో లేదు, కానీ మీ ఇంటికి సంబంధించినదే. డేనా దెబ్బ తిన్నాక ఇంటికి వెళ్లదు. వాచిన ముఖంతోనే మళ్లీ డ్యూటీలోకి వస్తుంది, సాయంత్రం ఇంకా పెద్ద ఘోరం జరిగితే అందరికన్నా ముందుంటుంది. మనం ఆవిణ్ణి చూసి "ఎంత గట్టి మనిషి!" అనుకుంటాం. ఆ పాత్ర వేసిన క్యాథరీన్ లనాసాకి 2025లో ఎమ్మీ అవార్డు కూడా వచ్చింది, నిజంగా అర్హురాలే. అయితే ఈ గట్టిదనాన్ని అంతగా మెచ్చుకుంటే, దెబ్బ తిన్న ప్రతి నర్సూ డాక్టరూ అలాగే ఉండాలన్న లెక్క తయారవుతుంది. మీ అమ్మాయి నవ్వి నాన్న షుగర్ అడగడం నాకు ఆ లెక్కలోదిగానే కనిపిస్తోంది.

రెండోది. శాంటోస్ అని ఒక కొత్త డాక్టరమ్మాయి ఉంటుంది చూడండి, నోటి దురుసు పిల్ల. సొంత కూతురితో తప్పుగా ప్రవర్తిస్తున్నాడేమోనని ఒక తండ్రి మీద అనుమానం వస్తుంది. ఆ కూతురు కాదంటుంది, రుజువు లేదు. ఆ తండ్రి గొంతులో గొట్టంతో, మాట్లాడలేని స్థితిలో మంచం మీద ఉన్నప్పుడు శాంటోస్ అతని చెవి దగ్గర వంగి బెదిరిస్తుంది. నేను చూస్తున్నప్పుడు పక్కనున్నవాళ్లు "బాగా చెప్పింది" అన్నారు. నాకూ ఒక క్షణం అలాగే అనిపించింది, అబద్ధమెందుకు. తర్వాత ఆలోచిస్తే ఒళ్లు జలదరించింది. కదల్లేని మనిషి ముందు, రుజువు లేకుండా, తను న్యాయం వైపు ఉన్నానన్న ధీమాతో చేసిన పని అది. డేనాని గుద్దినవాడు కూడా తనకి అన్యాయం జరిగిందనే నమ్మాడు. మీవారు చెయ్యెత్తినప్పుడు ఆయన దృష్టిలో తండ్రి తరఫున నిలబడ్డారు. మీరు అరిచింది మావయ్య కోసం. ఆ రాత్రి అక్కడ తాను చెడ్డ పని చేస్తున్నానని ఎవరూ అనుకోలేదు, గోడకి తల తగిలిన ఆ పిల్ల తప్ప ఎవరికీ ఆ సంగతి కనిపించలేదు.

చూపిస్తే జనం నేర్చుకుంటారా అన్నదానికి పెద్దగా చెప్పాల్సింది లేదు. మన క్యాజువాలిటీల్లో అద్దాలు పగలగొట్టేవాళ్లు అమెరికా సీరియళ్లు చూసి రారు. డాక్టర్ల మీద, ఆసుపత్రుల మీద దాడులు చేస్తే మూడేళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా అని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే చట్టం చేయాల్సి వచ్చింది. పగిలిన సామాను ఖరీదుకి రెట్టింపు కట్టాలని కూడా అందులో ఉంది. సీరియల్ వల్ల జరిగిన మేలు ఒకటుంది: మీ డ్రాయింగ్ రూంలో నాలుగేళ్లుగా ఎవరూ ఎత్తని మాట మీవారి నోటి నుంచి, పక్కదారిలోనైనా, బయటికొచ్చింది.

ఇక అమ్మాయి విషయం.

భయపెట్టడానికి కాదు గానీ, నిజం చెప్పకపోతే ఈ ఉత్తరానికి అర్థం ఉండదు. పనిచేసే చోట ఎవరో దాడి చేయడం వల్ల అమెరికాలో గాయపడినవాళ్లలో, ప్రాణం పోయిన కేసులు తీసేస్తే, 73 శాతం వైద్య రంగం వాళ్లేనని అక్కడి కార్మిక గణాంకాల శాఖ 2018 సంవత్సరానికి లెక్క చెప్పింది. కాబట్టి మీ అమ్మాయిని ఎవరో ఒకరు తిట్టి ఉండటానికి, తోసి ఉండటానికి అవకాశం లేకపోలేదు. అలాగని "వచ్చెయ్ తల్లీ, మన ఊళ్లోనే ప్రాక్టీసు పెట్టుకుందువుగాని" అనేముందు ఇది కూడా గుర్తుంచుకోండి: 2023 మేలో కేరళలో కొట్టారక్కర తాలూకా ఆసుపత్రిలో పోలీసులు వైద్యానికి తీసుకొచ్చిన మనిషి చేతిలో ఒక హౌస్ సర్జన్ చనిపోయింది. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మాయికి జరిగింది దేశమంతా చూసింది. సేఫ్‌గా ఉండే చోటు ఫలానాదని నేను మీకు చెప్పలేను.

ఆమె మీకు ఎందుకు చెప్పలేదో ఊహించడం కష్టం కాదు. రెసిడెన్సీలో వారానికి 80 గంటల దాకా పని ఉండొచ్చని అక్కడి నిబంధనే చెప్తుంది, నాలుగు వారాల సగటు మీద. మీరు రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేస్తే అక్కడ పొద్దున తొమ్మిదిన్నరో పదిన్నరో, సీజన్ని బట్టి. నైట్ డ్యూటీ దిగి వచ్చిన పిల్ల అయితే అప్పటికే కళ్లు మూతలు పడుతుంటాయి. వీసా మీద ఉన్నవాళ్లకి కంప్లయింట్ పెడితే ఏమవుతుందోనన్న సందేహం ఒకటి ఎప్పుడూ ఉంటుంది. వీటన్నిటి మీదా, ఆమె "అవును" అంటే మీరు ఏమైపోతారోనన్న భయం. మీకు సీరియల్ చూడమని చెప్పింది ఆమే కదా. నోటితో చెప్పలేనిది సీరియల్ చేత చెప్పించిందేమో అని నా అనుమానం. తప్పు కూడా కావచ్చు.

అడిగే దారులు రెండు మూడు ఉన్నాయి. మళ్లీ సూటిగా అదే ప్రశ్న అడగొచ్చు. మీరు టీచరు కాబట్టి అది క్లాసులో లేచి నిలబడి జవాబు చెప్పమన్నట్టు ఉంటుంది, మళ్లీ షుగర్ దగ్గరికే వెళ్తుంది. సీరియల్ని మధ్యలో పెట్టుకుని అడగొచ్చు: "డేనా అలా మళ్లీ డ్యూటీకి రావడం నాకు నచ్చలేదే, మీ దగ్గర కూడా అలాగే చేస్తారా?" ఇందులో ఆమె తన గురించి చెప్పినా చెప్పొచ్చు, వేరేవాళ్ల గురించి చెప్పినట్టు తన గురించే చెప్పొచ్చు. మీరు "ఆ నర్సు నువ్వేనా?" అని మాత్రం అడక్కండి. ఇంకో పద్ధతి, పనికొచ్చే సంగతులు అడగడం. ఎవరైనా గొడవ చేస్తే మీరేం చేస్తారు, నొక్కడానికి బటన్ ఉంటుందా, తలుపు వైపు ఎవరు నిలబడతారు, ఆ తర్వాత ఎవరికి రాసివ్వాలి? చాలా ఆసుపత్రుల్లో దీనికి ట్రైనింగ్ ఇస్తారు. ఇవి తెలిస్తే మీ భయానికి కొంచెం ఒడ్డు దొరుకుతుంది. ఈ దారిలో ఆమె మనసులో మాట వెంటనే రాకపోవచ్చు, నెలలు పట్టొచ్చు.

ఏ దారైనా, ఆమె నిజంగా "అవునమ్మా, ఒకడు తోశాడు" అన్న రోజున మీరేం మాట్లాడతారో ఇప్పుడే అనుకుని పెట్టుకోండి. మీరు ఏడిస్తే, వచ్చెయ్ అంటే, మళ్లీ ఎప్పుడూ చెప్పదు. "అప్పుడు నీ పక్కన ఎవరున్నారు?" అని అడగ్గలిగితే రెండో వాక్యం కూడా చెప్తుంది.

మీవారి దగ్గరికొస్తే, నాకు ఆయన మీద కోపం రాలేదని చెప్తే మీకు విడ్డూరంగా ఉండొచ్చు. చేసిన పని తప్పు, అందులో సందేహం లేదు. కేసు పెట్టి ఉంటే పై చట్టం కిందికే వచ్చేది. కానీ నాలుగేళ్లుగా ఒక్క మాట కూడా మాట్లాడని మనిషి, తమ్ముడు గొప్పగా చెప్తుంటే అవునని తలూపని మనిషి (తలూపుతారని మీరు రాయలేదు), ఆ సన్నివేశం చూస్తూ ఆ మాట అనడం నాకు సమర్థింపులా వినపడలేదు. తనని ఎవరో వేలెత్తి చూపించినట్టయి, ఉలిక్కిపడి అన్నట్టుంది. మీరు ఆయన్ని నలభై ఏళ్లుగా ఎరుగుదురు, నేను ఒక్క వాక్యం చదివాను. ఇందులో మీ మాటే చెల్లుతుంది.

ఏమీ అనకుండా ఊరుకోవచ్చు. ఇన్నేళ్లు ఊరుకున్నారు, ఇల్లు నడిచింది. కానీ ఇప్పుడు ఆయన ఏ మాటన్నా మీకు ఆ రాత్రే వినిపిస్తుంది, అదొక బరువు. మాట్లాడాలనుకుంటే మాత్రం ఆయన చేసిన దానితో మొదలుపెట్టకండి. మీరు అరిచిన దానితో మొదలుపెట్టండి. "నేను ఆ పిల్ల మీద అరిచాను, అది నాకు పట్టి పీడిస్తోంది" అంటే ఆయన వినే అవకాశం ఉంది. "మీరు తోశారు" అంటే, "మా నాన్న పోయిన రోజు గురించి ఇప్పుడెందుకు?" అంటారు, అక్కడితో తలుపు పడిపోతుంది.

ఆయనకి ఆసుపత్రి మీద ఉన్న బాధ వేరు, ఆ అమ్మాయికి జరిగింది వేరు. రెంటినీ విడదీస్తే ఆయనకే ఊరట. రెండు గంటలు ఎవరూ ఏమీ చెప్పకపోవడం, మనిషి ఆయాసపడుతుంటే ముందు కౌంటర్ దగ్గర నిలబెట్టడం, వీటి మీద కోపం న్యాయమైనదే. దానికి దారులు ఉన్నాయి, అప్పుడు మీకు ఎవరూ చెప్పలేదు. కేస్ షీట్ కాపీలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల నియమావళిలోనే ఉంది. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయొచ్చు. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలంటే మామూలుగా రెండేళ్ల గడువు, మీకది దాటిపోయింది. ఆలస్యానికి గట్టి కారణం చూపిస్తేనే తీసుకుంటారు. ఇప్పుడు ఇవన్నీ చేయమని నేను అనడం లేదు. ఆ కోపానికి కూడా ఒక చిరునామా ఉండేదని ఆయనకి తెలిస్తే చాలు. ఆ చిరునామా ఆ డ్యూటీ డాక్టరమ్మాయిది కాదు. కౌంటర్లో అడ్వాన్సు ఎంత అన్నది నిర్ణయించేది ఆమె కాదు. రాత్రి మూడింటికి ఆ కబురు చెప్పే పని ఆమె మీదికి నెట్టినవాళ్లు ఆ టైముకి ఇళ్లలో నిద్రపోతుంటారు.

కూతురికి చెప్పాలా? ఇది మీరొక్కరే తేల్చే విషయం కాదనుకుంటాను, ఎందుకంటే సగం కథ ఆయనది. ఆయనకి తెలియకుండా మీరు చెప్తే మీ బరువు తగ్గుతుంది, తండ్రీకూతుళ్ల మధ్య అది వచ్చి కూర్చుంటుంది. ఆయనే చెప్తే ఆమె కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు. కానీ తండ్రి తన నోటితో చెప్పాడన్నది కూడా ఆమె లెక్కలో ఉంటుంది. అసలు చెప్పకుండా ఉండొచ్చు కూడా, ఎన్నో ఇళ్లలో ఎన్నో విషయాలు అలాగే ఉండిపోతాయి. మీ ఇంట్లో మాత్రం అది కుదిరేలా లేదు, మీ మరిది ఉన్నాడు కదా. ఈసారి అమ్మాయి సెలవు మీద వచ్చినప్పుడు ఏ పెళ్లి పందిట్లోనో, నలుగురి మధ్య, వడ్డన జరుగుతుండగా బాబాయి నోటి వెంట "మీ నాన్న ఆ రోజు" అని ఆమె వింటుంది. అలా వినడం అన్నిటికన్నా ఘోరం. కాబట్టి మిగతాది ఎలా తేల్చుకున్నా, మరిదికి మాత్రం ఒక మాట చెప్పక తప్పదు. "ఆ కథ ఇంక చెప్పకు బాబూ, మా పిల్ల ఇప్పుడు అదే ఉద్యోగంలో ఉంది" అని వదినగా మీరంటే కాదనడు.

ఆ డాక్టరమ్మాయి గురించి మీరు ఏమీ అడగలేదు. అయినా ఆమె ఉత్తరమంతా ఉంది. ఇన్నేళ్ల తర్వాత ఆమె అక్కడే ఉండకపోవచ్చు. డ్యూటీ డాక్టర్లు చాలామంది పీజీ సీటు వచ్చేదాకా చేసి వెళ్లిపోతారు. వెతికి పట్టుకుని క్షమాపణ చెప్తే ఆమెకి ఊరట కలగొచ్చు, లేదా మర్చిపోవాలని చూస్తున్న రాత్రిని మళ్లీ గుమ్మం ముందు పెట్టినట్టూ కావచ్చు. ఆసుపత్రి వాళ్లకి ఉత్తరం రాస్తే వాళ్లు దాన్ని లాయరుకి చూపిస్తారు, అది కూడా ఆలోచించుకోవాలి. దొరికితే, మీవారూ మీరూ కలిసి చెప్పగలిగితే, ఆమె వినక్కర్లేదని ముందే చెప్పి, రెండు వాక్యాల్లో చెప్పడం ఒక దారి. దొరక్కపోతే అది మీ దగ్గరే ఉంటుంది. నా దగ్గర ఉన్నట్టే. మా అమ్మని ఆసుపత్రిలో పెట్టినప్పుడు ఒక రాత్రి సెలైన్ అయిపోయి గొట్టంలోకి రక్తం ఎక్కుతుంటే, ఒక సిస్టర్ మీద నోటికొచ్చినట్టు అరిచాను. ఆ వార్డు మొత్తానికి ఆ రాత్రి ఆవిడొక్కతే డ్యూటీ అని తెల్లారాక తెలిసింది. డిశ్చార్జి హడావుడిలో చెప్పలేకపోయానని చాలాకాలం అనుకున్నాను. నిజానికి టైం ఉంది. సిగ్గేసింది, అంతే.

ఇక మిగిలిన భాగాలు. పన్నెండో దాని నుంచి ఒక సంగీత ఉత్సవంలో కాల్పులు జరిగి, గాయపడినవాళ్లు వరసగా వస్తూనే ఉంటారు. రక్తం చాలా ఎక్కువ. రాత్రి పడుకునే ముందు చూడకండి, ఆదివారం పగలు చూడండి, లేదా వదిలేయండి. వదిలేసినా నష్టం లేదు. హాని చేయాలని ఆడపిల్లల పేర్లు రాసి పెట్టుకున్న ఒక కుర్రాడి తల్లి ఉంది చూడండి, వాణ్ణి ఆసుపత్రికి రప్పించడానికి తనే జబ్బు తెచ్చుకున్నావిడ. ఆవిడ కథ ఎటు తేలుతుందో తెలుసుకోవాలనుంటే చూడొచ్చు. అందరూ ఆ కాల్పులు వాడి పనే అనుకుంటారు, వాడు కాదు. డేనా గురించే మీ బెంగ అయితే, మొదటి సీజన్ చివర ఆవిడ ఇంక రాదేమో అన్నట్టు వెళ్తుంది గానీ, 2026 జనవరిలో మొదలైన రెండో సీజన్లో మళ్లీ డ్యూటీలోనే ఉంటుంది. అది మంచిదో కాదో మీ అమ్మాయినే అడగండి, ఆమెకి సెలవు దొరికిన రోజున, మీవారు వాకింగ్‌కి వెళ్లిన టైం చూసుకుని.